చేతి ఆట యంత్రమూ, ప్రోగ్రాము వ్రాసే సాధనాలూ

యంత్రం ఎంత చిన్నదైనా, అది చేయవలసిన పనులను ఎవరో ఒకరు వరుసగా వ్రాసి ఇవ్వవలసిందే. ఆ వ్రాతకే ప్రోగ్రామని పేరు. అయితే అరచేతిలో ఇమిడే ఆట యంత్రానికి అక్షరాల మీటలుండవు. కనుక ప్రోగ్రామును కంప్యూటరు మీద వ్రాసి, చిన్న యంత్రం గ్రహించే సంకేతాలుగా మార్చి, దానికి అందించాలి. దర్జీ తన అంగడిలో కూర్చుండి, ఎదుట లేని మనిషి కొలతలకు చొక్కా కుట్టడం వంటిదీ పని. ఇందుకు కావలసిన సాధనాల సముదాయమే డెవలప్‌మెంట్ కిట్. ఒకప్పుడు కొద్ది సంస్థల వద్దనే ఉన్న ఈ కిట్ విద్యార్థుల చేతికి ఎట్లా వచ్చినదో చూద్దాం.

1979లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ మైక్రోవిజన్ అనే చేతి యంత్రాన్ని వెలువరించినది. కార్ట్రిడ్జి మార్చితే ఆట మారేది. పదేండ్ల తరువాత, 1989లో, జపానుకు చెందిన నింటెండో సంస్థ గేమ్ బాయ్‌ను విడుదల చేసినది. గుంపే యొకోయి నాయకత్వాన గల విభాగం దీనిని రూపొందించినది.

గేమ్ బాయ్ శక్తి స్వల్పం. పని చేసుకొనడానికి 8 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, బొమ్మలకు మరొక 8 కిలోబైట్లు మాత్రమే ఉన్నవి. దాని ప్రాసెసర్‌కు గుణకారం చేసే ఆదేశమే లేదు, కూడికలతో సాధించుకోవాలి. తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144, మొత్తం 23,040 చుక్కలు. తెర సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది. ఒక్కొక్క మార్పుకు ప్రాసెసర్‌కు దొరికే అడుగులు 17,556. అంటే చుక్కకు ఒక్క అడుగైనా దక్కదు! కనుక చుక్క చుక్కగా బొమ్మ గీయడం అసాధ్యం. అందుచేత 8 × 8 చుక్కల చిన్న పలకలను ముందుగా తయారు చేసి, ఏ గడిలో ఏ పలక ఉండాలో సంఖ్యలతో చెప్తారు. తెరకు 20 × 18, అనగా 360 గడులు. గచ్చుమీద ముగ్గురాళ్లు పరచినట్లే బొమ్మ ఏర్పడుతుంది.

ఇటువంటి లోపలి వివరాలు, అధికారిక సాధనాలు నింటెండో అనుమతి పొందిన సంస్థలకు మాత్రమే లభించేవి. పైగా యంత్రంలో 256 బైట్ల ఆరంభ ప్రోగ్రామొకటి కాపలా కాసేది. కార్ట్రిడ్జిలోని 48 బైట్ల సంస్థ ముద్రను అది తన వద్ద ఉన్న ప్రతితో పోల్చి చూచి, తేడా ఉంటే అక్కడనే ఆగిపోయేది. యంత్రాన్ని కొన్నవానికి ఆడే హక్కే గాని, వ్రాసే అవకాశం లేదన్నమాట.

ఈ స్థితిని మార్చినవారు ఉత్సాహవంతులైన ప్రోగ్రామర్లు. యంత్రం ప్రవర్తనను పరిశీలించి, తెలిసినది తెలిసినట్లు అందరితో పంచుకొన్నారు. 1990ల ద్వితీయార్ధంలో పాస్కల్ ఫెల్బర్, మైకేల్ హోప్ అనేవారి కృషితో జీబీడీకే అనే ఉచిత కిట్ వెలసినది. దానితో సి భాషలో వ్రాయడం సాధ్యమైనది. తొలుత అందులో ఎల్‌సీసీ అనే కంపైలర్ ఉండేది. తరువాత సందీప్ దత్తా ప్రారంభించిన ఎస్‌డీసీసీ ఆ స్థానంలోకి వచ్చినది. 8051 వంటి చిన్న ప్రాసెసర్ల కొరకు పుట్టిన ఈ కంపైలర్ మూలం అందరికీ తెరచి ఉన్నది. అందువల్లనే ఇతరులు దానికి గేమ్ బాయ్ భాషను నేర్పగలిగినారు. 2020లో ఈ కిట్ జీబీడీకే-2020 అనే పేరుతో పునరుద్ధరణ పొందినది.

నేడు దీనిని అమర్చుకొనడం కష్టం కాదు. కిట్‌ను దింపుకొని, పేరులో ఖాళీలు లేని ఫోల్డరులో విప్పుకోవాలి. అందులోని ఉదాహరణలలో ఒకదానిని తీసుకొని కంపైల్ చేయాలి. ఇందుకు వాడే ఆదేశం పేరు ఇప్పటికీ ఎల్‌సీసీయే; లోపల పని చేసేది మాత్రం ఎస్‌డీసీసీ. పాత పేరు ఆ విధంగా నిలిచిపోయినది. చిన్న ప్రోగ్రామైతే 32 కిలోబైట్ల ఫైలు తయారగును. దానిని గేమ్ బాయ్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌లో వెంటనే నడిపి చూడవచ్చును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న లెక్క ఇవ్వవచ్చును: ఒక్కొక్క చుక్కకు 2 బిట్లయితే 360 పలకలకు ఎన్ని బైట్లు కావాలి? 5,760 అని తేల్చిన విద్యార్థికి, 8 కిలోబైట్లలో బొమ్మ ఎట్లా ఇమిడినదో తెలుస్తుంది. తాను ఆడే యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకొనే అవకాశం ఆ విద్యార్థికి దక్కడమే ఈ చరిత్ర ఫలితం.