మన తర్వాత మన పిల్లల్ని ఎవరు చూస్తారు? హోమ్‌ల చరిత్ర కొంచెం

పోయిన నెల సంఘం కూటంలో, లెక్కలన్నీ చదివి కాఫీ ఇచ్చే సమయానికి ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. "మా వాడికి నలభై రెండేళ్ళు. ఇంకా వాళ్ళమ్మ కలిపి పెడితేనే తింటాడు. మా ఇద్దరికీ డెబ్భై దాటింది. మేం పోయాక వాణ్ణి ఏ హోమ్‌లో వెయ్యాలో మీరైనా చెప్పండి" అని అడిగారు. ఎవరం జవాబు చెప్పలేదు. కాఫీ తాగి ఇళ్ళకి వచ్చేశాం. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

మేము బుకింగ్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో ఇలాంటి తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాం. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉండి, తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేనివాళ్ళకి స్లీపర్ క్లాసులో 75 శాతం రాయితీ ఉంది. తోడు వెళ్ళేవారికీ అంతే. డాక్టర్ సంతకం పెట్టిన ఫారం తెచ్చి, వెళ్ళడానికి రెండు టికెట్లు రాయితీలో తీసుకునేవాళ్ళు. తిరుగు ప్రయాణానికి మాత్రం ఒకటే, అది కూడా పూర్తి ఛార్జీ, ఎందుకంటే బిడ్డ పక్కన లేకపోతే తోడుకి రాయితీ లేదు. మేం ఏమీ అడిగేవాళ్ళం కాదు. రిజర్వేషన్ ఫారం చూస్తేనే తెలిసిపోయేది, పిల్లవాణ్ణి ఎక్కడో దిగబెట్టి వస్తున్నారని.

ముందు ఒక మాట. పిచ్చి వేరు, బుద్ధిమాంద్యం వేరు. మొదటిది జబ్బు, మందు ఉంటుంది. రెండోది పుట్టుకతోనో చిన్నతనంలోనో వచ్చే తేడా, దానికి కావలసింది నేర్పడం, తోడు ఉండడం. తమిళంలో 'మనవళర్చి కున్రియోర్' అనేవాళ్ళు. ఇది మనకి ఇప్పుడు తెలుసు గానీ తెల్లవాడి చట్టానికి ఈ తేడా పట్టలేదు. మద్రాసులో 1794లో మొదలై, 1871లో కీల్పాక్‌కి మారిన పిచ్చాసుపత్రి పేరు మనందరికీ తెలుసు, చిన్నప్పుడు అల్లరి చేస్తే 'కీల్పాక్ పంపిస్తాం' అని పెద్దలు బెదిరించేవాళ్ళు. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టంలో 'లూనటిక్' అంటే 'ఇడియట్' గానీ మతి స్థిమితం లేనివాడు గానీ అని రాసి ఉంది. అంటే ఈ పిల్లల్ని కూడా అదే మూటలో కట్టేశారు.

అయితే ఆ చట్టంలోనే ఒక మంచి సంగతి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ప్రతి పిచ్చాసుపత్రికీ కనీసం ముగ్గురు 'విజిటర్ల'ని ప్రభుత్వం నియమించాలి. నెలకి ఒకసారైనా వాళ్ళలో ఇద్దరు, ఒక వైద్యాధికారితో సహా, కలిసి వెళ్ళి ఆసుపత్రిలోని ప్రతి భాగమూ తనిఖీ చెయ్యాలి. దీనివల్ల ఆ ఆసుపత్రులు స్వర్గాలైపోయాయని మేం అనడం లేదు. కానీ బయటివాడు నెలనెలా లోపలికి వచ్చి చూడాలి అన్న ఆలోచన కాయితం మీద ఉంది.

స్వాతంత్ర్యానికి ముందే తల్లులు వేరే దారి వెతికారు. బొంబాయిలో 1944లో వకీల్ దంపతులు తమ కూతురి కోసం మొదలుపెట్టిందే ఇప్పటి జై వకీల్ పాఠశాల. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ వచ్చింది, టీచర్లకి అక్కడ శిక్షణ ఇస్తారు. మన తెలుగువాళ్ళు ఇక్కణ్ణించి కూడా పిల్లల్ని పరీక్షలకి అక్కడికి తీసుకువెళ్ళేవాళ్ళు.

తర్వాత వచ్చింది 1987 మానసిక ఆరోగ్య చట్టం, అమలు 1993 నుంచి. ఇందులో బుద్ధిమాంద్యాన్ని పిచ్చి లెక్కలోంచి తీసేశారు. న్యాయమే. కానీ పిచ్చాసుపత్రి గేటు దాటి బయటికి వచ్చిన ఈ పిల్లలు, ఆ విజిటర్ల ఏర్పాటునీ లోపలే వదిలేసి వచ్చారు. వాళ్ళ హోమ్‌లకి ఏ చట్టం? 1995 వికలాంగుల చట్టం వచ్చి, సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలి అంది. నెలనెలా ఎవరో వెళ్ళి చూడాలన్న మాట అందులో మాకు కనబడలేదు.

ఆ మధ్యలో, 1994 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలో జరిగినది చదివితే కడుపు తరుక్కుపోతుంది. శిరూర్‌లో ప్రభుత్వమే నడిపే ఆడపిల్లల హోమ్ నుంచి పదిమందికి పైగా తీసుకువెళ్ళి, పుణె ససూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత వాళ్ళు చూసుకోలేరు అన్నది కారణం. మహిళా సంఘాలు గొడవ చెయ్యబట్టి దేశానికి తెలిసింది. ఆ పిల్లలకి నేర్పడానికి ఆయాలు తక్కువైతే ఆయాల్ని పెట్టాలి గదా! కత్తి సులువైపోయింది.

ఇక మన రామనాథపురం జిల్లా ఏర్వాడి. 2001 ఆగస్టు 6, తెల్లవారకముందు. తాటాకు పాకకి నిప్పంటుకుంది. లోపలివాళ్ళ కాళ్ళకి గొలుసులు. మొత్తం 28 మంది పోయారు. అది మానసిక రోగుల ఇల్లు, మన విషయం కాదు అని కొందరు అంటారు. మాకు మాత్రం రెండూ ఒకే విషయం. లైసెన్సు చట్టం అమల్లోకి వచ్చి ఎనిమిదేళ్ళయింది, అయినా లైసెన్సు లేకుండానే నడిచింది. తలుపు తట్టి అడిగినవాళ్ళు లేరు.

2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. చండీగఢ్‌లో ప్రభుత్వ హోమ్‌లో ఉన్న ఒక అమ్మాయి మీద ఆ హోమ్‌లోనే అత్యాచారం జరిగి గర్భం వచ్చింది. గర్భం తీసెయ్యమని హైకోర్టు అంది. బిడ్డ కావాలి అని ఆ అమ్మాయి అంది. కొద్దిపాటి బుద్ధిమాంద్యం ఉన్నంత మాత్రాన ఆమె మాట తోసెయ్యడానికి లేదు, ఆమె ఒప్పుకోకుండా తీయకూడదు అంది సుప్రీంకోర్టు. 2016 చట్టం ఇంకా ముందుకి వెళ్ళి, ఫలానా చోటే ఉండాలన్న బలవంతం వికలాంగుల మీద లేకుండా చూడడానికి ప్రభుత్వం ప్రయత్నించాలి అంటుంది. బాగుంది. కానీ అడిగేవాళ్ళు ఎవరు?

ఆ పెద్దాయనతో కలిసి మేం మూడు హోమ్‌లు చూసి వచ్చాం. పేర్లు వద్దు. మొదటిదానిలో గ్రానైట్ నేల, ఏసీ ఆఫీసు, టిఫిన్ కూడా పెట్టారు. పిల్లలుండే మేడ మీదకి మాత్రం 'ఇప్పుడు కుదరదు సార్' అన్నారు. రెండోదానిలో నెలకొక ఆదివారమే, అదీ ముందు ఫోన్ చేసి రావాలి. మూడోది పాత పెంకుటిల్లు. వంటామె మమ్మల్ని చూసి కూడా ఒకతన్ని తిట్టడం ఆపలేదు. అతను నవ్వుతూ ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. ఇంకొకతను వీధి చివర కొట్టుకి పాలకి వెళ్ళాడట, మేం ఉండగానే వచ్చాడు, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు. మేడ, వంటగది, మరుగుదొడ్డి, అన్నీ చూడనిచ్చారు. మరుగుదొడ్డి అంత శుభ్రంగా లేదు, ఉన్నమాట చెప్తున్నాం. పెద్దాయన ఏమీ అనలేదు గానీ బస్సులో ఆ పాలబ్బాయి గురించే రెండుసార్లు మాట్లాడారు.

ఇంకో సంగతి, చాలామందికి తెలియదు. బిడ్డకి 18 నిండితే చట్టప్రకారం తల్లిదండ్రులు కూడా దానంతట అదే గార్డియన్లు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలో జిల్లా కమిటీ ఉంటుంది, అక్కడ అర్జీ పెట్టి గార్డియన్ని నియమించుకోవాలి. మీరు ఉండగానే మీ తర్వాత ఎవరో మాట్లాడి పెట్టుకోండి. గార్డియన్ సరిగ్గా చూడకపోతే బంధువులు అదే కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు.

సంఘం సొంతంగా హోమ్ కట్టాలని ఒకరిద్దరు వాట్సాప్‌లో రాశారు. మన దగ్గర అంత డబ్బు లేదు, నడిపే మనుషులూ లేరు. కానీ మన సభ్యుల పిల్లలు ఐదుగురు ఇప్పటికే రెండు ఊళ్ళలో హోమ్‌లలో ఉన్నారు. నెలకి ఇద్దరు చొప్పున, చెప్పకుండా వెళ్ళి, గంటసేపు కూర్చుని రావచ్చు. వచ్చే నెల మొదటి ఆదివారం మేమూ మా కోశాధికారి గారూ వెళ్తున్నాం. రెండో నెలకి ఇద్దరి పేర్లు కావాలి. ఒకరు ఆడవాళ్ళైతే మంచిది, ఆడపిల్లల గదిలోకి మమ్మల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. పేర్లు కింద రాయండి.