కోమా: ఎన్నాళ్ళు, ఎవరికి తెలివి వస్తుంది

ఎంత పిలిచినా, ఎంత గట్టిగా గిల్లినా కళ్ళు తెరవని స్థితి కోమా. గాఢనిద్ర అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. నిద్రపోయే మనిషిని తట్టి లేపవచ్చు, కోమాలో ఉన్నవారిని లేపలేం. మనల్ని మెలకువగా ఉంచే నాడీవ్యవస్థ మెదడు కాండంలో ఉందని 1949లో మొరుజ్జి, మాగౌన్ చూపించారు. అది దెబ్బతిన్నా, రెండు మస్తిష్కార్ధగోళాలూ కలిసి దెబ్బతిన్నా కోమా వస్తుంది.

ఒకప్పుడు గాఢమైన కోమా అంటే కొద్ది రోజుల్లో మరణమే. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు ఇబ్సెన్ అనే డాక్టరు రోగుల గొంతులో గొట్టం పెట్టించాడు. వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచం పక్కన కూర్చుని, రబ్బరు సంచి నొక్కుతూ వారాల తరబడి ఊపిరి అందించారు. ఆ తర్వాత వెంటిలేటర్లు వ్యాపించాయి. స్పృహ లేకుండా బతికి ఉండే మనుషులు ఆస్పత్రుల్లో పెరిగారు, వాళ్ళ స్థితికి పేర్లు వెతకాల్సి వచ్చింది. 1968లో హార్వర్డ్ కమిటీ మెదడు మరణానికి ప్రమాణాలు రాసింది. కళ్ళు తెరిచినా ఎరుక లేని స్థితికి 1972లో జెన్నెట్, ప్లమ్ 'వెజిటేటివ్ స్టేట్' అని పేరు పెట్టారు.

కోమాకూ వెజిటేటివ్ స్టేట్‌కూ ఉన్న తేడా తెలియకే 'ఇరవై ఏళ్ళు కోమాలో ఉన్నారు' అనే మాట పుట్టింది. అసలు కోమా రెండు నుంచి నాలుగు వారాలు దాటడం అరుదు. ఈలోగా రోగి చనిపోవడమో, తెలివి రావడమో, కళ్ళు తెరిచి ఎరుక లేకుండా మిగిలిపోవడమో జరుగుతుంది. 1973లో దాడికి గురై, 2015లో చనిపోయేదాకా ముంబయి కేఈఎం ఆస్పత్రిలో ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్‌ది ఈ మూడో దారే. పత్రికలు కోమా అనే రాశాయి. అన్నేళ్ళూ ఆమెను కంటికి రెప్పలా చూసుకున్నది తోటి నర్సులు. మంచం పట్టిన మనిషి ఒంటిపై పుండ్లు పడనివ్వకుండా దశాబ్దాలు కాచుకోవడం వైద్యంలో చిన్న విషయం కాదు.

కోమా లోతును కొలవడానికి 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ ఒక స్కేలు తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కాలుచేతుల కదలికకు 6, మొత్తం 15. గోటి మీద పెన్నుతో నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కుంటే కదలికకు 4, చలనమే లేకపోతే 1. మొత్తం 8 లేదా అంతకు తక్కువైతే సాధారణంగా కోమాగా లెక్కిస్తారు.

కోలుకోవడాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది కారణం. చక్కెర పడిపోయి వచ్చిన కోమాలో, ఆలస్యం కాకపోతే, గ్లూకోజు ఎక్కించిన నిమిషాల్లోనే తెలివి రావచ్చు. గుండె ఆగి మెదడుకు ఆక్సిజన్ అందక వచ్చిన కోమా కన్నా తలకు దెబ్బ తగిలి వచ్చినదానిలో ఆశ ఎక్కువ. వయసు, కనుపాప వెలుతురుకు ముడుచుకోవడం, కోమా ఎన్ని రోజులు సాగిందన్నది ఆ తర్వాత చూస్తారు.

అయితే లెక్కలకు అందనివీ ఉన్నాయి. అమెరికాలో 1984 వాహన ప్రమాదం తర్వాత కొద్దిపాటి ఎరుకతో ఉండిపోయిన టెర్రీ వాలిస్ 2003లో 'అమ్మ' అన్నాడు. అతని లెక్కలో అది ఇంకా 1984వ సంవత్సరమే. 2006లో కేంబ్రిడ్జిలో ఓవెన్ బృందం, ఎరుక లేదనుకున్న ఒక యువతిని స్కానర్‌లో ఉంచి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించమంది. ఆరోగ్యవంతుల మెదడులో మేల్కొనే భాగమే ఆమెలోనూ మేల్కొంది. 2018లో అమెరికా నాడీ వైద్యుల మార్గదర్శకాలు 'శాశ్వత' వెజిటేటివ్ స్టేట్ అనే మాటను వదిలి 'దీర్ఘకాలిక' అని వాడమన్నాయి.