జర్మనీ కెమెరా, న్యూజెర్సీ కన్ను

పండుగ నాడు పిల్లల నాట్యం మొదలయ్యేసరికి వేదిక ముందు ఎన్ని సెల్‌ఫోన్లు లేస్తాయో మనందరికీ తెలుసు. ఫిల్ము లేకుండా ఫోటో తీసే ఈ విద్యకు పురిటిగడ్డ మన ప్లెయిన్స్‌బరోకు ఉత్తరాన, దారిలో రద్దీ లేకపోతే (అది ఎప్పుడో గాని జరగదనుకోండి) గంటలోపు చేరగల మర్రే హిల్.

అక్కడి బెల్ ల్యాబ్స్‌లో 1969 అక్టోబరు 17న విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక గంటసేపు కూర్చుని సీసీడీ అనే పరికరాన్ని ఊహించి బొమ్మ గీశారు. పైవారు వాళ్ళను కోరింది కంప్యూటరు మెమరీకి పనికొచ్చే సాధనం! సిలికాన్ మీద వెలుగు పడితే అందులోని చిన్న చిన్న గుంటల్లో విద్యుదావేశం చేరుతుంది. బావి నుంచి నీళ్ళ బిందెలు చేతులు మారినట్టు ఆ ఆవేశం గుంట నుంచి గుంటకు మారి అంచుకు చేరుతుంది. అక్కడ దాన్ని కొలుస్తారు. దానితో నిజంగా బొమ్మలు తీసి చూపిన మైకేల్ టాంప్‌సెట్ కూడా ఆ ల్యాబ్ వారే. 1972లో ఆయన తన భార్య మార్గరెట్‌ను సీసీడీ కెమెరాతో రంగుల్లో ఫోటో తీశారు.

ఇక జర్మనీ సంగతి. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ కాలంలో కెమెరా అంటే గాజు పలకల బరువు. వెట్జ్‌లార్‌లోని లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్‌కు ఉబ్బసం. ఆ బరువు మోయలేక సినిమా ఫిల్ముతో జేబులో పట్టే కెమెరా తయారుచేశాడు. అదే 1925లో మార్కెట్టుకు వచ్చిన లైకా. 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల దాని ఫిల్ము చట్రాన్నే నేడు ఫుల్ ఫ్రేమ్ అంటున్నాం.

1932 నుంచి లైకాలో లెన్సుతో ముడిపడిన రేంజ్‌ఫైండర్ వచ్చింది. ఇందులో మనం లెన్సులోంచి చూడం, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. ఎదుటి మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ ఒకటైనప్పుడు ఫోకస్ కుదిరినట్టు. లోపల అద్దం ఉండదు కనుక లెన్సు ఫిల్ముకు బాగా దగ్గరగా ఉంటుంది.

డిజిటల్ యుగంలో ఈ సుగుణమే శాపమైంది. మూలల్లో వెలుగు బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ముకు అది పట్టదు. కానీ సెన్సారు గుంటల్లోకి ఏటవాలు వెలుగు సరిగా దిగదు, మూలలు చీకటిపడతాయి. అందుకే 2004లో వచ్చిన ఎప్సన్ ఆర్-డి1, 2006 నాటి లైకా ఎం8 చిన్న సెన్సార్లతో సరిపెట్టుకున్నాయి. ఎం8లో మరో చిక్కు: పరారుణ కిరణాలు లోపలికి చొరబడి నల్లటి నైలాన్ బట్టలు ఊదారంగులో పడేవి.

2009 సెప్టెంబరు 9న ఎం9 వచ్చింది. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు గల తొలి డిజిటల్ రేంజ్‌ఫైండర్ అదే. 1 కోటి 80 లక్షల చుక్కల ఆ సీసీడీ కోడక్ వారిది. చుక్క చుక్కకూ ఒక సూక్ష్మ లెన్సు పెట్టి, అంచులకు పోయేకొద్దీ వాటిని కొంచెం పక్కకు జరిపి, ఏటవాలు వెలుగును గుంటలోకి దించారు. ధర 6,995 డాలర్లు. మనలో చాలామంది షాపు అద్దాల వెనుక చూసి సంతోషించవలసిందే. సరిగ్గా నెల తిరక్కుండానే, అక్టోబరు 6న, బాయిల్, స్మిత్‌లకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. టాంప్‌సెట్ పేరు అందులో లేదు. ఇది అన్యాయమని అప్పట్లో గట్టిగానే వాదన నడిచింది, నాకూ అలాగే అనిపిస్తుంది.

1975లో రాచెస్టర్‌లో స్టీవెన్ సాసన్ చేత తొలి డిజిటల్ కెమెరా చేయించుకున్న కోడక్, 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఎం9 సెన్సార్ల పైగాజు కూడా కాలక్రమేణా తుప్పులాంటి మచ్చలు పట్టింది. లైకా కొంతకాలం వాటిని మార్చి ఇచ్చింది. 2022లో వచ్చిన ఎం11లో ఉన్నది సీసీడీ కాదు, 6 కోట్ల చుక్కల సీమాస్ సెన్సారు. అయినా 1954లో ఎం3 కోసం చేసిన లెన్సు తెచ్చి తిప్పితే, దానికీ చక్కగా అమరుతుంది.