కోట ఫిరంగి - మన నమాజు వేళలు

మద్రాసులో ఈస్టిండియా కంపెనీ 1792లో నక్షత్రశాల నిర్మించింది. దాని గడియారం ప్రకారం సెంట్ జార్జి కోటలో ప్రతిరాత్రి 8 గంటలకు ఫిరంగి పేల్చేవారు. తరువాత ఆ కాలమే తంతి ద్వారా రైల్వేలకు చేరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్లలోనూ నడిచింది.

కాని సూర్యుడు ఫిరంగికి లోబడడు. ఈ ఊళ్లు మద్రాసుకు పడమట రెండున్నర డిగ్రీల పైచిలుకు దూరాన ఉన్నవి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ పొద్దు వాలడం 10 నిమిషాలకు పైగా ఆలస్యమవుతుంది. మద్రాసు వేళకు ఇఫ్తార్ చేసినవాడు సూర్యాస్తమయానికి ముందే ఉపవాసం విరమించినట్లే!

1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలయింది. గడియారపు ముల్లు జరిగిందే గాని ఈ తేడా పోలేదు. షరీఅత్ నమాజు వేళలను సూర్యగమనంతో ముడిపెట్టింది. కనుక పరాయి పట్టణపు పట్టికను మస్జిదులో తగిలించే ముందు స్థానిక లెక్క సరిచూచుకోవడం మన బాధ్యత.