చిత్తుబొమ్మ నుంచి ఉద్దానం దృశ్యచిత్రం దాకా

అరచేతిలో ఇమిడే స్కెచ్‌ను నిలువెత్తు దృశ్యచిత్రంగా పెంచే విద్య తెలుగు నేల మీద కంప్యూటర్లతో మొదలైనది కాదు. నాటకాల తెరలు రాసినవారు, వారి తరువాత సినిమా బోర్డులు రాసినవారు చిన్న బొమ్మ మీద పెన్సిలుతో గళ్ళు గీసి, అన్నే గళ్ళను పెద్ద గుడ్డ మీద సుద్దతో వేసుకుని, ఒక్కొక్క గడిలోని గీతను దాని జోడు గడిలోకి ఎక్కించుకుంటూ పోయేవారు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం ప్రేక్షకులను కట్టిపడేసినది పద్యంతో పాటు ఇటువంటి అడవి తెరలు, దర్బారు తెరలతోనే. అయితే గళ్ళు కొలతను కాపాడతాయే గాని, చిన్న బొమ్మలో లేని ఆకును పెద్ద గుడ్డ మీదికి తేలేవు.

ఈ లోటును ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ తనదైన పద్ధతిలో పూరించుకున్నాడు. 1821 నాటి ‘ది హే వెయిన్’ చిత్రానికి ముందు అంతే పరిమాణంలో ఒక తైలవర్ణపు చిత్తును పూర్తిగా వేసి చూసుకున్నాడు. ఆంధ్రదేశంలో దామెర్ల రామారావు (1897–1925) రాజమహేంద్రవరంలో కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్ళి చదువుకుని వచ్చి, గోదావరిని దృశ్యచిత్రాలలోకి తెచ్చాడు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య ప్రధానంగా మనుషులను, దేవతలను చిత్రించినవాడు కావడంతో ప్రకృతి ఆయన బొమ్మల్లో చాలావరకు వెనుక నిలిచే అలంకారమే అయింది. గోదావరికి దక్కిన అదృష్టం శ్రీకాకుళం వైపు కళింగ తీరానికి దక్కలేదనే చెప్పాలి.

కంప్యూటరు మీద బొమ్మలు దిద్దే ఫొటోషాప్ 1990లో, 1994లో దాని మూడో కూర్పుతో లేయర్లు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన గాజు పలకల వంటి పొరలు వచ్చాక, వెనుకనున్న కొండ చెరగకుండా ముందున్న తోటను మార్చుకునే వీలు కలిగింది. కొలత చిక్కు కూడా రూపం మార్చుకుంది. అడ్డం 800, నిలువు 500 పిక్సెళ్ళ, అంటే తెర మీది బొమ్మను కూర్చే చుక్కల, స్కెచ్‌లో ఉండేవి 4 లక్షల చుక్కలు. దానిని 4,000, 2,500 చొప్పున పెంచితే అవి కోటి అవుతాయి. అదనపు 96 లక్షల చుక్కలను పక్క రంగులను సాగదీసి యంత్రం నింపగలదు గాని, ఆ సాగతీతలో జీడిమామిడి కొమ్మ, మొగలి పొద ఒకే ఆకుపచ్చ మసకగా కలిసిపోతాయి.

‘ఉద్యానవనం’ నుంచి పేరు వచ్చిందని చెప్పుకునే, శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో ఈ మసక చెల్లదు. సముద్రానికి వీపు పెట్టి నిలుచుంటే ముందు ఇసుకలో మొగలి పొదలు, సరుగుడు చెట్లు, వాటి వెనుక కొబ్బరి, జీడిమామిడి, పనస కలగలిసిన తోటలు, సోంపేట వైపు ‘బీల’ అనే చిత్తడి నేలలు, వాటన్నిటికీ వెనుక 1,501 మీటర్ల మహేంద్రగిరి పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఉదయం సముద్రం వైపు నుంచి ఎండ పడి కొండ మడతలు తేటగా విడివడితే, సాయంత్రానికి అదే కొండ నీలిబూడిద రంగు పలకలా చదునుబడుతుంది. స్కెచ్‌లో ఏ పూట వెలుగు ఉన్నదో తేల్చుకోకుండా వివరాలు చేర్చడం మొదలుపెడితే ఒకే బొమ్మలో రెండు సూర్యుళ్ళు వెలుస్తారు. టెక్కలి దగ్గరి తేలినీలాపురం చింతచెట్ల మీద స్కెచ్‌లో పడిన రెండు తెల్లని చుక్కలు కూడా, పెద్ద బొమ్మలో పెలికాన్లో, పెయింటెడ్ స్టార్క్ కొంగలో తేలవలసిందే. ఒకదాని ముక్కు కింద సంచి ఉంటుంది, రెండోదాని తోక మీదికి వాలే రెక్క ఈకల్లో గులాబీ రంగు ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఇక్కడి కొబ్బరి, జీడిమామిడి తోటలు పెద్ద ఎత్తున నేలకూలాయి. కాబట్టి అంతకు ముందటి స్కెచ్‌ను ఈనాటి దృశ్యంగా పెంచదలచిన చిత్రకారుడు, కొబ్బరి మట్టలు కప్పిన ఆకాశాన్ని అలాగే ఉంచడానికి ముందు, కొత్తగా నాటిన చెట్ల తలల మీదుగా మహేంద్రగిరి ఎంతవరకు కనిపిస్తున్నదో తోటలోకి వెళ్ళి చూసి రావాలి.