కన్యాశుల్కం, ఆస్ట్రేలియా భాషాపరీక్ష

‘ఐరనీ’ అన్న మాటకు సరితూగే ఒక్క మాట తెలుగులో దొరకదు. ఎందుకంటే అది మూడు రకాలు. ఆ మూడూ గురజాడ వారి కన్యాశుల్కంలో ఉన్నాయి. మనం స్థిరపడిన ఈ ఆస్ట్రేలియా వలస చరిత్రలోనూ ఉన్నాయి.

మొదటిది మాటలో ఉంటుంది. పైకి ఒకటి, లోపల ఇంకొకటి. గిరీశం వితంతు వివాహాల గురించి గొప్పగా మాట్లాడతాడు. కన్ను మాత్రం బుచ్చమ్మ మీద. 1901 నాటి వలస నిరోధక చట్టమూ అంతే. అందులో ఒంటిరంగు ప్రసక్తి లేదు. అధికారి ఏదైనా యూరపు భాషలో 50 మాటలు చదివితే తప్పుల్లేకుండా రాయాలి, అంతే! రంగు పేరెత్తితే బ్రిటిష్ సామ్రాజ్యంలోని భారతీయులు నొచ్చుకుంటారని, 1897లో నేటాల్ చేసిన చట్టాన్ని చూసి ఈ దారి తొక్కారు. చెరకు తోటల్లో పనికి మన తెలుగు కూలీలు వెళ్ళిన నేటాలే అది. కన్యాశుల్కం తొలి ముద్రణ కూడా 1897లోనే.

రెండవది ప్రేక్షకుడికి తెలిసి, పాత్రకు తెలియనిది. లుబ్ధావధాన్లు డబ్బిచ్చి చేసుకున్న పెళ్ళికూతురు ఆడవేషం కట్టిన కుర్రాడని మనకు తెలుసు, ఆయనకు తెలియదు. ఓడ దిగినవాడూ బాగా రాస్తే గట్టెక్కుతాననుకున్నాడు. కానీ భాషను ఎంచుకునేది అధికారి. ఇంగ్లీషు వచ్చినవాడికి మరో భాష! 1909 తరువాత ఒక్కరూ నెగ్గలేదు. మా వృత్తి భాషలో, ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ‘ఫెయిల్’ అని చెప్పే ప్రోగ్రాము.

మూడవది తానొకటి తలిస్తే వేరొకటి జరగడం. కొడుక్కి ఇంగ్లీషు చదువు చెబుతాడని అగ్నిహోత్రావధాన్లు గిరీశాన్ని ఇంట్లో ఉండనిస్తే, అతను కూతురినే లేవదీసుకుపోయాడు. 1934లో ఎగాన్ కిష్ అనే ప్రాగ్ నగరపు పాత్రికేయుడి నోరు నొక్కాలని ప్రభుత్వం తలచింది. ఆయనకు చాలా భాషలు వచ్చు. అందుకని స్కాట్లాండ్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. చట్టం చెప్పిన యూరపు భాష అది కాదని హైకోర్టు కొట్టేసింది. కిష్ సభలకు జనం విరగబడ్డారు. ఆ పరీక్షకు 1958 చట్టంతో స్వస్తి చెప్పారు.

భాష సాకుతో మనలాంటి వారిని ఆపిన దేశమే ఇప్పుడు సీసీఎల్ పరీక్షలో తెలుగు నెగ్గినవారికి వీసా లెక్కలో 5 పాయింట్లు కలుపుతోంది. చరిత్ర చేసిన ఈ తమాషాకు నవ్వుకుందాం. కానీ ఆ పాయింట్లతో కట్టుకున్న ఇంట్లో మనం తెలుగులో అడిగితే పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెబుతున్నారు. ఈ ఐరనీలో పాత్రలం మనమే.