తరగతి గదిలో సహాయక సాంకేతికత: పరికరంతో పాటు పాఠమూ సిద్ధం కావాలి

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. కర్మాగారంతో పాటు సెక్టార్లు, వాటితో పాటు పాఠశాలలు ఏర్పడ్డాయి. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు అనేకం అక్కడే స్థిరపడ్డాయి. వారి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ లేదా ఆంగ్లం. ఇన్ని భాషల నడుమ చదివే పిల్లలకు చూపు లేదా వినికిడి లోపం కూడా తోడైతే, తరగతి గదిలో వారికి ఏ సాధనం ఎంతవరకు ఉపకరిస్తుందన్న ప్రశ్న మరింత జటిలమవుతుంది.

వైకల్యం గల విద్యార్థి చదవడానికి, వినడానికి, రాయడానికి, కదలడానికి తోడ్పడే ప్రతి సాధనమూ సహాయక సాంకేతికతే. పెద్ద అక్షరాల పుస్తకం, బ్రెయిలీ పలక, లెక్కలు చేసేందుకు వాడే టేలర్ ఫ్రేమ్ మొదలుకొని కంప్యూటర్ తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వరకు అన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఖరీదుకు, ప్రయోజనానికి సంబంధం ఉండాలన్న నియమమేమీ లేదు. అట్టపై దారం అతికించి తయారుచేసిన రేఖాగణిత పటం చేసే మేలును ఒక్కోసారి ట్యాబ్లెట్ చేయలేదు.

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గల విద్యార్థులకు 18 ఏళ్ల వయసు వరకు పుస్తకాలు, బోధనా సామగ్రి, తగిన సహాయక పరికరాలు ఉచితంగా అందించాలి. సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాలు గల ఒక్కో విద్యార్థికి ఏటా రూ.3,500 కేటాయింపు ఉంది. పరికరం సమకూరిన తరువాతే అసలు చిక్కు మొదలవుతుంది.

చూపు లేని విద్యార్థి కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను వేసుకోవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధ యువకులు 2006లో శ్రీకారం చుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ హిందీని, తెలుగును కూడా చదవగలదు. అయితే పాఠం యూనికోడ్‌లో ఉన్నప్పుడే అది సాధ్యం. హిందీ ప్రాంతాల్లో కార్యాలయాలు, ముద్రణాలయాలు, ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉపాధ్యాయులు చిరకాలంగా వాడుతున్న కృతి దేవ్ ఫాంట్ యూనికోడ్ కాదు. అందులో తెరపై కనిపించేది హిందీ అక్షరమైనా, లోపల నిక్షిప్తమయ్యేది ఆంగ్ల అక్షరం. కృతి దేవ్‌లో టైపు చేసిన ‘భిలాయి’ అనే పేరు స్క్రీన్ రీడర్‌కు ఎఫ్, హెచ్, కె, వై, కె, బి, జడ్ అనే అర్థరహితమైన వరుసగానే అందుతుంది. తెలుగులో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాలదీ ఇదే పరిస్థితి. పుటను ఫొటో తీసి పంపితే అసలు అక్షరమే ఉండదు. అక్షరాలను గుర్తించే మరో సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పాఠంగా మార్చి, తప్పులు దిద్దిన తరువాతే విద్యార్థికి ఇవ్వాలి. ఈ దిద్దుబాటుకు పట్టే సమయాన్ని ఉపాధ్యాయుల పని గంటల్లో లెక్కించడం అరుదు.

బ్రెయిలీ విషయంలో బహుభాషా పట్టణాలకు ఒక సౌలభ్యం ఉంది. 1951లో రూపుదిద్దుకున్న భారతి బ్రెయిలీలో హిందీ ‘క’కు, తెలుగు ‘క’కు చుక్కల అమరిక ఒక్కటే. బడిలో హిందీ బ్రెయిలీ నేర్చిన తెలుగు బాలిక అదే వేళ్లతో మాతృభాషనూ చదవగలదు. తెలుగు లిపి రాకపోవడం ఆమెకు అడ్డంకి కాదు. చూపున్న తోబుట్టువులకు సైతం లేని వెసులుబాటు ఇది.

వినికిడి లోపం ఉన్నవారికి శ్రవణ యంత్రం ఒక్కటే చాలదు. పంకాల చప్పుడును, వెనుక బల్లల మాటలను కూడా అది పెద్దదిగా చేసి వినిపిస్తుంది. ఉపాధ్యాయుడు ధరించే చిన్న మైకు నుంచి నేరుగా యంత్రానికి ధ్వని చేరే ఎఫ్‌ఎం పద్ధతి ఈ ఇబ్బందిని తగ్గిస్తుంది. సంజ్ఞా భాషే ప్రథమ భాషగా గల పిల్లల కోసం పీఎం ఈ-విద్యలో 31వ చానల్ 2024 డిసెంబరు 6న ప్రారంభమైంది. భారతీయ సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉంది. అది హిందీకి గానీ తెలుగుకు గానీ చేతి రూపం కాదు.

వర్చువల్ సాంకేతికత సంగతి కొంత భిన్నం. రసాయనశాస్త్ర బోధనలో బ్లాస్ట్ ఫర్నేస్ పటం సుపరిచితం. పైనుంచి ఖనిజం, కోక్, సున్నపురాయి పడతాయి. కిందనుంచి వేడిగాలి వీస్తుంది. కోక్ మండగా పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకోగా, ద్రవ ఇనుము అడుగుకు చేరుతుంది. భిలాయి పిల్లలు రోజూ పొగగొట్టాలను చూస్తూనే పెరుగుతారు గానీ, సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న ఆ లోహం చెంతకు ఏ తరగతినీ తీసుకెళ్లలేరు. కొలిమి లోపలి దృశ్యాన్ని వర్చువల్ రూపంలో చూపితే పాఠం బోధపడుతుంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు సైన్స్ ప్రయోగాలను అమృత విశ్వవిద్యాపీఠం, సీ-డాక్ కలిసి రూపొందించిన ఓల్యాబ్స్‌లో ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు.

కానీ తలకు తొడిగే వీఆర్ పరికరం ప్రధానంగా కంటికి ఉద్దేశించినది. చూపు లేని విద్యార్థికి ఆ గంటలో చేయడానికి ఏమీ మిగలదు. కొలిమి మట్టి నమూనా, పొరపొరకూ వేర్వేరు గరుకుదనం, పక్కన వర్ణించి చెప్పే గొంతు ఉంటే అదే పాఠం అతని చేతికీ అందుతుంది. కొందరికి వీఆర్ వల్ల తల తిరుగుతుంది. చిన్న వయసు పిల్లలకు వాడరాదని తయారీదారులే హెచ్చరిస్తారు.

పరీక్ష నాటికి మరో అంశం ముందుకొస్తుంది. వైకల్యం గల అభ్యర్థుల రాత పరీక్షలపై 2018 ఆగస్టులో కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయాన్ని, లేఖకుణ్ని లేదా కంప్యూటర్‌ను ఎంచుకునే వీలును కల్పించాయి. ఎంచుకున్న కంప్యూటర్‌ను పరీక్షకు ఒకరోజు ముందు సరిచూసుకునే అవకాశాన్నీ అవి ఇచ్చాయి. ఏడాది పొడవునా స్క్రీన్ రీడర్‌తో చదివిన విద్యార్థి ఆ రోజున ముందుగా పరిశీలించవలసింది, ప్రశ్నపత్రం ఏ ఫాంట్‌లో రాబోతున్నదన్న విషయాన్నే.